మై మాస్టారి మామిడితోట

చాట్రాయి టీ కొట్టులో వెంకటకృష్ణారావును మై మాస్టారంటారు, ఆయన వినకుండా. జూనియర్ కాలేజీలో ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాడు. అన్నేళ్లలో పిల్లలకు ఏం వచ్చిందో తెలియదు గానీ, ఆయనకు మాత్రం ఒక్క మాట బాగా పట్టుబడింది. మై తోట, మై బోరు, మై వైఫ్, మై బీపీ.

ఆ మాట పుట్టుపూర్వోత్తరాలు టీ తాగేవాళ్లకు ఉచితంగా వినిపిస్తాడు.

“వెయ్యేళ్ల కిందట ఇంగ్లండులో దాన్ని 'మీన్' అనేవాళ్లయ్యా. అదే 'మైన్' అయింది. హల్లు ముందు వాడివాడి చివర నకారం అరిగిపోతే 'మై' మిగిలింది. వస్తువు పేరు ముందు మై, ఒంటరిగా నిలబడితే మైన్. మనమేమంటాం? 'మా ఇల్లు' అంటాం. ఆ 'మా'లో తమ్ముడూ ఉంటాడు, బామ్మర్దీ ఉంటాడు. ఎవడిదో తేలదు. ఇంగ్లీషువాడు తేల్చి పారేశాడు.”

“మరి తోట ఎవరిదండీ?” అన్నాడు కొట్టు యజమాని గోపి, గ్లాసులు కడుగుతూ.

“మై తోట.”

ఎవరూ నవ్వలేదు. నవ్వితే టీ ఒలుకుతుంది.

ఆ తోట ఆయనది కాదని అందరికీ తెలుసు. చింతలపూడి నుంచి ఒక ట్రంకుపెట్టెతో ఇల్లరికం వచ్చాడు. మామగారు లక్ష్మీనరసింహారావు ఇల్లిచ్చారు, స్కూటరు కొనిపెట్టారు. తాను నాటిన చిన్నరసాల తోటను మాత్రం పసుపుకుంకుమల కింద కూతురు రాజ్యలక్ష్మి పేర రాశారు. అల్లుణ్ణి చూశాకే రాసి ఉంటారు.

మందు కొట్టించేదీ, కోతకు మనుషుల్ని పిలిచేదీ, కాయలు నూజివీడు పంపేదీ రాజ్యలక్ష్మే. కాపు బాగున్న ఏడాది చెట్ల మధ్య నిలబడి ఫోటో తీయించుకోవడం ఆయన వ్యవసాయం.

కిందటేడు తామరపురుగు తగిలి పూత మాడిపోయింది. చుట్టుపక్కల కొందరు మామిడి కొట్టేసి పామాయిల్ వేశారు. మై మాస్టారు మైలవరం వెళ్లి, కలప కొనే తిరుపతిరావుకు మాటిచ్చి వచ్చాడు. అన్నం తింటూ ఇంట్లో చెప్పాడు.

“శుక్రవారం చెట్లు కొట్టేస్తారు. పామాయిల్ వేస్తున్నాం. మై డెసిషన్.”

“ఎవర్నడిగి?”

“నా తోటకి నేనెవర్నడగాలి?”

“మా నాన్న వేసిన చెట్లు. కాస్తున్నన్నాళ్లూ రంపం పడనివ్వను. అయినా పామాయిల్‌కి ఏడాది పొడుగునా నీళ్లు కావాలి. ఎండాకాలంలో మన బోరు సంగతి తెలీదా? ఎవరు తడుపుతారు, మీ ఇంగ్లీషువాడా?”

“నీకు తెలీదు, ఊరుకో.”

ఆమె ఊరుకుని పెరుగు వడ్డించింది. ఒప్పుకుందనుకున్నాడు. ఇన్నేళ్ల కాపురంలో భార్య గురించి ఆయన నేర్చుకున్నది అంతే.

శుక్రవారం పొద్దున్నే తిరుపతిరావు మనుషులతో, రంపాలతో దిగాడు. వాళ్లకొక పట్టింపు ఉంది. కాసే చెట్లను కొట్టేటప్పుడు మొదటి చెట్టుకు పసుపు రాసి, నేల ఎవరిదైతే వాళ్ల చేత కొబ్బరికాయ కొట్టిస్తారు. అది కాకుండా పని మొదలెట్టరు. మై మాస్టారు ఇస్త్రీ చొక్కాలో ముందుకొచ్చి కాయ అందుకోబోయాడు.

“మీరు కాదండీ. అమ్మగార్ని పిలవండి,” అన్నాడు తిరుపతిరావు.

“మై తోటయ్యా ఇది!”

“కాదన్లేదండీ. అమ్మగారు కాయ కొట్టాక మీ ఇష్టమొచ్చినట్టు అనుకోండి. ఆడకూతురి పసుపుకుంకుమల చెట్టు మీద ఆవిడకి తెలీకుండా రంపం పెట్టి, రేపు మావోడి కాలు తెగితే మీ ఇంగ్లీషు అతుకుద్దా?”

పిలవాల్సిన పని లేకపోయింది. రాజ్యలక్ష్మి గట్టు మీదే నిలబడి ఉంది. వచ్చి కొబ్బరికాయ తీసుకుంది. చెవి దగ్గర ఊపి చూసుకుని చంకన పెట్టుకుంది.

“ముదురు కాయే. పచ్చడికి పనికొస్తుంది. ఇడ్లీ పెట్టాను, అందరూ తిని వెళ్లండి తిరుపతిరావుగారూ.”

అంతమందికి సరిపడా పిండి ఆమె ముందురోజే రుబ్బించింది.

“రాజ్యం! నేను మాటిచ్చానే...”

“మాట మీది. చెట్లు నావి.”

కలపవాళ్లు కడుపునిండా తిని, రంపాలు బండిలో వేసుకుని వెళ్లిపోయారు. మై మాస్టారూ తిన్నాడు. కొబ్బరిపచ్చడి రెండోసారి వేయించుకున్నాడు కూడా. సాయంత్రానికల్లా ఆ సంగతి టీ కొట్టుకు చేరింది.

ఈ ఏడాది చిన్నరసాలు విరగకాశాయి. నిన్న టీ కొట్టులో ఆయన కాలు మీద కాలేసుకుని చెబుతున్నాడు.

“అందరూ పామాయిల్, పామాయిల్ అని ఎగబడ్డారు. నేను మాత్రం ఒక్క చెట్టు మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. మై డెసిషన్.”

“అవునండీ,” అన్నాడు గోపి. “ఆ కొబ్బరిపచ్చడి కూడా మీదేనాండీ?”

ఈసారి కొట్టంతా టీ ఒలికింది.