బర్రె నాకిన సీటు

మా ఆయన మోటారు సైకిలు కొన్న కొత్తలో దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండేది. అరవైల మొదట్లో మాట. విడవలూరు దగ్గర మా పల్లెలో అదొక్కటే మోటారు సైకిలు. ఎరువుల కంపెనీ తరఫున ఊళ్ళు తిరగాలని, ఎవరో వాడి వదిలేసిన బండిని కావలి నుంచి తెచ్చి, దానికి ఇన్సూరెన్సు కూడా కట్టాడు. పొద్దున లేస్తే పైపంచెతో దాన్నే తుడిచేవాడు. నాకేమో కాన్పయిన కొన్నాళ్ళకే జ్వరమొచ్చి పాలు ఎండిపోయాయి. పసిబిడ్డ ఏడుస్తుంటే ఆయనకు బండి మీది దుమ్మే కనబడేది.

బిడ్డకు మా ఇంటి బర్రె పాలే దిక్కు. ఎండాకాలం కావడంతో ఊళ్ళో తక్కిన బర్రెలన్నీ వట్టిపోయాయి. ఆవుపాలు పడితే బిడ్డకు విరేచనాలు పట్టుకున్నాయి. సరిగ్గా అప్పుడే మా బర్రె దూడ చచ్చిపోయింది. దూడ లేకపోతే బర్రె చేపదు. పొదుగులో పాలున్నా కిందికి వదలదు. అందుకని మా వైపు చచ్చిన దూడ తోలు ఒలిపించి, ఉప్పు రాసి ఆరబెట్టి, లోపల గడ్డి కూరి తల్లి పక్కన నిలబెడతారు. తల్లి దాన్ని నాకుతూ పాలిస్తుంది. తోలు ఆరేదాకా బిడ్డను గంజినీళ్ళతో నెట్టుకొచ్చాం. తీరా మా అత్త గడ్డి తీసుకొని వెళ్తే తీగ మీద తోలు లేదు. మా ఆయన దాన్ని కావలికి పట్టుకుపోయి, చిరిగిన సీటుకు కుట్టించుకొచ్చాడు, వెంట్రుకలతో సహా! ఎంత మెత్తగా ఉందో చూడమన్నాడు. మా అత్త తల పట్టుకుంది. నేను మాత్రం నోటికొచ్చిందల్లా అన్నాను.

ఆ సాయంత్రం బండిని కొట్టం పక్కన నిలబెట్టాడో లేదో, బర్రె మెడ చాచి సీటును వాసన చూసి నాకడం మొదలుపెట్టింది. మా అత్త చెంబు పట్టుకొని పరుగెత్తింది. పాలు ధారగా వచ్చాయి. అప్పటినుంచి రెండు పూటలా మోటారు సైకిలు కొట్టం దగ్గర హాజరు కావలసిందే. ఎంత పెద్దమనుషులతో మాట్లాడుతున్నా, మా బర్రె చేపే వేళయిందని చెప్పి ఆయన లేచి వచ్చేవాడు.

ఒకనాడు కావలిలో తొందర పని ఉందని, పాలు పితక్కముందే బండి తీశాడు. బర్రె పలుపు తెంచుకొని వెంటపడింది. కాలవ కట్ట మీద అందుకొని మూతితో ఒక్క తోపు తోసింది. బండీ మనిషీ కాలవలో పడ్డారు. ఆయన మోకాలు చెక్కుకుపోయింది. బండికి లైటు పగిలి, హ్యాండిలు వంకరపోయింది. బర్రె కూడా దిగి, నీళ్ళ పైకి కనబడుతున్న సీటును తీరిగ్గా నాకుతూ నిలబడింది. చెంబుతో వెనకే పరుగెత్తుకొచ్చిన మా అత్త చీర ఎగదోపుకొని, మోకాలి లోతు నీళ్ళలోనే పాలు పితికింది.

నెల్లూరు నుంచి ఇన్సూరెన్సు ఆయన వచ్చాడు. పాపం, మర్యాదస్తుడు. జంతువు తోసినా డబ్బు వస్తుందన్నాడు. ఎందుకు తోసిందని అడిగితే మా ఆయన జరిగింది చెప్పాడు. ఇన్సూరెన్సు ఆయన కలం మూసి మా అత్తను అడిగాడు. ఆమె కూడా అదే చెప్పింది. ఇలా రాస్తే మేనేజరు తనకే పిచ్చెక్కిందంటాడని, సీటును కళ్ళారా చూస్తే తప్ప నమ్మడని, సంగతి తేలేదాకా అది నెల్లూరు ఆఫీసులోనే ఉండాలని చెప్పాడు. ఎన్నాళ్ళంటే, నెలో రెండు నెలలో అన్నాడు.

బండి బాగుపడకపోతే ఆయనకు ఉద్యోగం లేదు. సీటు పోతే బిడ్డకు పాలు లేవు. రెంటిలో ఆయనకేది కావాలో నాకు తెలుసనుకున్నాను. బిడ్డను భుజాన వేసుకొని, పోట్లాటకు సిద్ధమై గడపలో నిలబడ్డాను.

ఆయన నా వైపు చూడలేదు.

"సీటు ఇయ్యను సార్," అన్నాడు. "బర్రె మీద నాకేం ఫిర్యాదు లేదని రాసుకోండి."

అలా రాస్తే పైసా రాదని ఇన్సూరెన్సు ఆయన నచ్చజెప్పబోయాడు. రాకపోతే పోనీ అన్నాడు మా ఆయన.

ఆ సాయంత్రం వంకరపోయిన బండి నుంచి సీటు ఊడదీసి, కొట్టంలోకి తీసుకెళ్ళాడు. బర్రె ముందు గొంతుక్కూర్చొని దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. అది సీటుతో పాటు ఆయన చేతుల్నీ నాకింది. బర్రె నాలుక గరుకు, చర్మం మండిపోతుంది. ఆయన చేతులు తీసుకోలేదు. మా అత్త పాలచెంబు చాచి పిలుస్తుంటే, అందుకోవడం మరిచిపోయి నేను ఏడుస్తూ నిలబడ్డాను.