బల్ల మీద రెండో డబ్బా

2022 సెప్టెంబరులో నాకు ఉద్యోగంలో చివరి బాధ్యత అప్పగించారు. కెనడాలోని సస్కటూన్ నగరంలో ఒక క్యాలిబ్రేషన్ ల్యాబ్‌లో నేను మాస్ విభాగానికి సీనియర్ టెక్నాలజిస్టుని. మరుసటి వేసవిలో రిటైర్మెంటు. ఈలోగా చదువులో భాగంగా పనిచేయడానికి వచ్చే ఒక కో-ఆప్ విద్యార్థికి ఎనిమిది నెలలు పని నేర్పాలి. ఫిబ్రవరిలో మదింపు రిపోర్టు ఇవ్వాలి. నేను వెళ్ళిపోతే ఖాళీ అయ్యే ఉద్యోగానికి ఆ విద్యార్థిని తీసుకోవాలా వద్దా అన్నది మా మేనేజర్ లిండా ఆ రిపోర్టును బట్టే నిర్ణయిస్తుంది.

మాస్ విభాగం పని చెప్పుకోవడానికి చిన్నది. ధాన్యం కొనేవాళ్ళు, విత్తనాల ల్యాబులవాళ్ళు, ఫార్మసీలవాళ్ళు వాడే త్రాసులు సరిగ్గా తూస్తున్నాయో లేదో ప్రామాణికమైన తూకపు రాళ్ళతో సరిచూసి సర్టిఫికెట్ ఇస్తాం. రాయిని చేత్తో తాకం, పట్టకారుతో ఎత్తుతాం. వేలి తేమ కూడా బరువే. త్రాసు ముందు నిలబడి గట్టిగా ఊపిరి వదలం. ఇరవై ఆరేళ్ళు నేను చేసిన పని ఇదే.

వచ్చిన విద్యార్థి పేరు స్వరూప. వయసు ఇరవై తొమ్మిది, ఊరు నల్లగొండ. హైదరాబాదులో ఒక మందుల కంపెనీ క్వాలిటీ విభాగంలో ఐదేళ్ళు పనిచేసి చదువుకోవడానికి వచ్చింది. ఆ ఏడాది సస్కటూన్‌లో ఏ సిటీ బస్సెక్కినా వెనక సీట్లలో తెలుగు వినిపించేది. బేస్‌మెంట్ అద్దెకు దొరుకుతుందా, ఏ స్టోర్‌లో షిఫ్టులు ఇస్తున్నారు అన్నవే మాటలు. స్వరూప కూడా తెల్లవారుజామున ఒక కాఫీ షాపులో డ్రైవ్-త్రూ కిటికీ దగ్గర పనిచేసి, తొమ్మిదికి ల్యాబ్‌కి వచ్చేది. మా ఉద్యోగం దొరికితే ఆ అనుభవం పీఆర్‌కి, అంటే ఇక్కడ శాశ్వత నివాసానికి, లెక్కకొస్తుంది. దొరక్కపోతే మళ్ళీ ఆ కిటికీయే. ఈ సంగతి మొదటి వారంలోనే తనే చెప్పింది. దాచుకునే మనిషి కాదు.

పట్టకారు పట్టుకోవడం ఆమెకు నేర్పాల్సిన అవసరం రాలేదు. ఆనాటి నా డైరీలో ఒకే వాక్యం ఉంది: "కొత్తమ్మాయి చెయ్యి వణకదు." మెచ్చుకుంటూ రాసిన వాక్యం కాదది.

నాకు ల్యాబ్ బయట ఒక వ్యాపకం ఉండేది. ఊరి బయట గన్ క్లబ్‌లో రైఫిల్‌తో టార్గెట్ కాల్చడం, ఆ తూటాలను ఇంట్లోనే తయారు చేసుకోవడం. దీన్ని రీలోడింగ్ అంటారు. పేల్చిన తూటాకు మిగిలే ఇత్తడి తొడుగును శుభ్రం చేసి, అచ్చులో నొక్కి పాత కొలతకు తెచ్చి, అడుగున నిప్పు రాజేసే కొత్త ప్రైమర్ బిగించి, తూచిన పౌడర్ పోసి, పైన బుల్లెట్ కూర్చోబెట్టాలి. కొత్తవాళ్ళు చాలామంది డబ్బు ఆదా అని మొదలుపెడతారు. చివరిదాకా నిలిచేవాళ్ళు తూకం మీద ఇష్టంతో నిలుస్తారు. ఎంత పౌడర్ పోయాలన్నది తయారీదారు అచ్చువేసిన పట్టికలో చూసుకోవాలి, సొంత తెలివి పనికిరాదు. అన్నిటికంటే ముఖ్యమైన నియమం, బల్ల మీద ఒకసారికి ఒకే పౌడర్ డబ్బా ఉండాలి. ఏ పౌడర్ చూసినా నల్లటి రవ్వలాగే ఉంటుంది. కానీ ఒకటి నెమ్మదిగా కాలుతుంది, ఇంకొకటి వేగంగా. ఒకటి ఉండాల్సిన చోట ఇంకొకటి పడితే రైఫిలే పగిలిపోవచ్చు. రైఫిల్‌కు ఆనించి ఉండేది కాల్చేవాడి చెంప.

పంతొమ్మిదేళ్ళలో నా వల్ల ఒక్క తప్పు జరగలేదు. ప్రతి తూటా లెక్కా నోట్‌బుక్కుల్లో ఉండేది. క్లబ్‌లో నేర్చుకునేవాళ్ళకు తరగతి చెప్పేది వాల్టర్ అనే రిటైరైన రైతు, ఎనభైకి దగ్గరపడినవాడు. నా నోట్‌బుక్కులు చూసి పంతొమ్మిదేళ్ళలో అతను అన్న అత్యున్నతమైన మాట "నాట్ బ్యాడ్".

అక్టోబరులో స్వరూపను ఆ తరగతికి నేనే తీసుకెళ్ళాను. త్రాసు అంటే ల్యాబ్‌లో ఉన్నది ఒక్కటే కాదమ్మా, చూద్దువుగాని రా అన్నాను. నిజానికి నాకున్న పేరు ఆమెకు చూపించాలని తీసుకెళ్ళాను. మూడో తరగతికి వాల్టర్ ఆమె నోట్‌బుక్కు తీసి, కళ్ళజోడు సర్దుకుని, పేజీ పేజీ తిప్పాడు. ప్రతి పేజీకి నంబరు. ప్రతి వరుస చివర ఇనీషియల్. పని మొదట్లో డబ్బా బరువు, చివర్లో డబ్బా బరువు, వాడిన పౌడర్, తేడా. ఇలాంటిది తాను చూడలేదని, అందరూ చూడమని ఆ పుస్తకాన్ని గదంతా తిప్పాడు. నాకూ ఇచ్చాడు. ఆ రోజు డైరీలో రాసుకున్నాను: "క్లబ్ గదిలో హీటర్ ఎక్కువ పెట్టారు. ఉక్కపోత."

ఆ నెలనుంచి నా డైరీలో ఆమె పేరు రాని రోజు తక్కువ. "బస్సు లేటని పదినిమిషాలు ఆలస్యం." "సర్టిఫికెట్‌కు గంటంపావు. నేనైతే గంట." "వాల్టర్ ఆమె కోసం కుర్చీ తెచ్చాడు." వరసగా చదివితే నాకే నవ్వొస్తుంది. అప్పట్లో మాత్రం అవి సాక్ష్యాలనుకున్నాను.

జనవరిలో ఆమె మొదటిసారి రైఫిల్ కాల్చింది. లైసెన్సు ఉన్న నేను పక్కన నిలబడగా, నా రైఫిల్‌తో, నా కళ్ళముందు తాను తయారుచేసిన తూటాలతో. ఐదు గుళ్ళు ఎంత దగ్గరగా పడ్డాయన్నది ఇక్కడి కొలమానం, దాన్ని గ్రూప్ అంటారు. వాల్టర్ జేబులోంచి టూనీ అనే రెండు డాలర్ల నాణెం తీసి ఆమె కాగితం మీద పెట్టాడు. ఐదు రంధ్రాలూ దాని కింద దాక్కున్నాయి. నా కాగితం మీద పెడితే రెండు బయటికొచ్చాయి. రైఫిల్ మీదేగా, మీరు అలవాటు చేసిందేగా అంకుల్ అని స్వరూప నన్ను ఊరడించబోయింది. ఆ ఊరడింపుకు నాకు ఇంకా మండింది.

ఇంటికొచ్చాక నా భార్య సుగుణ అడిగింది.

"ఏమండీ, ఆ పిల్ల బాగా కాల్చిందట కదా? ఫోన్ చేసి చెప్పింది."

"గాలి లేదు ఇవాళ," అన్నాను.

"గాలి లేకపోవడం ఆ పిల్లకొక్కదానికేనా?" అంది. తరవాత చపాతీ వత్తుతూ, నా వైపు చూడకుండానే, "ఈ వయసులో ఇంత కుళ్ళేమిటండీ మీకు, పక్కింటివాళ్ళ కారు చూసి కూడా ఇంత బాధపడలేదు మీరు," అంది.

ఫిబ్రవరి రెండో శుక్రవారం రిపోర్టు లిండాకు ఇచ్చేశాను. అందులో అబద్ధం ఒక్కటి కూడా లేదు. నైపుణ్యం తృప్తికరం అని రాశాను. వేగం తక్కువ, నమోదులో అవసరానికి మించిన వివరాల వల్ల జాప్యం, స్వతంత్రంగా పనిచేయడానికి మరికొంత పర్యవేక్షణ కావాలి అని రాశాను. చివరి గడిలో "ప్రస్తుతానికి సిఫారసు చేయలేను" అన్న దాని ఎదురుగా గుర్తు పెట్టాను. సంతకం చేస్తుంటే నా చెయ్యి కూడా వణకలేదు.

ఆదివారం స్వరూప మా ఇంటికి వచ్చింది. రిపోర్టు సంగతి ఆమెకు తెలియదు. బేస్‌మెంట్‌లో నా బల్ల దగ్గర ముందు నా తూటాలు ఇరవై, తరవాత వేరే పౌడర్‌తో ఆమెవి చేయాలని అనుకున్నాం. వచ్చీరాగానే ఆమె అలవాటు ప్రకారం రెండు డబ్బాలూ తూచి బరువులు రాసుకుంది. నా ఇరవై పూర్తయ్యాయి. పౌడర్ కొలిచి పోసే గొట్టంలో ఇంకా కొంత మిగిలింది. దాన్ని దాని డబ్బాలోకి తిరిగి పోసి, మూతపెట్టి, అలమారలో పెట్టాకే రెండో డబ్బా బల్ల మీదికి రావాలి. అప్పుడే సుగుణ పైనుంచి టిఫినుకు పిలిచింది. పిల్ల పైకి వెళ్ళింది. నేను తరవాత వస్తానన్నాను.

ఆమె నోట్‌బుక్కు బల్ల మీదే ఉంది. తెరిచాను. తప్పు వెతకడానికే తెరిచాను. ఒక కూడిక తప్పు, ఒక ఇనీషియల్ లేని వరుస, ఏదో ఒకటి దొరికితే శుక్రవారం పెట్టిన సంతకానికి ఆధారం ఉంటుంది. పుస్తకం ఎదురుగా పెట్టుకుని చదువుతూనే చేతులతో బల్ల సర్ది, ఆమె పనికి సిద్ధం చేశాను. సగం పుస్తకం చదివాను. తప్పు లేదు.

స్వరూప దిగి వచ్చి కూర్చోలేదు. బల్ల వైపు చూసింది.

"అంకుల్, లైన్ క్లియరెన్స్ అయిందా?"

మందుల కంపెనీల్లో ఒక మందు తయారీ ముగిసి ఇంకోటి మొదలుపెట్టే ముందు, పాతదాని ఆనవాలు ఒక్క బిళ్ళ కూడా ఆ బల్లమీద, ఆ గదిలో లేదని తనిఖీ చేసి సంతకం పెడతారు. దాన్నే లైన్ క్లియరెన్స్ అంటారట.

"ఇది ఫ్యాక్టరీ కాదమ్మా," అన్నాను.

"కాదనుకోండి. కానీ రెండు డబ్బాలు బల్ల మీదున్నయ్."

ఉన్నాయి. గొట్టం ఖాళీగా ఉంది. మిగిలినది దేంట్లో పోశానని అడిగింది. మొదటిదాంట్లోనే అన్నాను. పోసినట్టు నాకు గుర్తులేదు, కానీ పంతొమ్మిదేళ్ళుగా అలాగే పోస్తున్నాను కాబట్టి పోసే ఉంటానని అన్నాను.

"ఒక్కసారి తూస్తా అంకుల్. రెండు నిమిషాలు."

"నేను చెబుతున్నాగా."

"మీరు చెప్పిన్రు. నేను రాసుకోవాలె కదా," అని మొదటి డబ్బా త్రాసు మీద పెట్టింది.

ఇరవై తూటాల్లో పోసింది తీసేసినా అది ఉండాల్సినదానికంటే తక్కువ ఉంది. రెండో డబ్బా మేం ముట్టనే లేదు, పొద్దున ఉన్నంతే ఉండాలి. ఎక్కువ ఉంది. మొదటిదాంట్లో ఎంత తగ్గిందో, ఇందులో సరిగ్గా అంత పెరిగింది. నా పౌడర్ ఆమె డబ్బాలో కలిసిపోయింది. ఇంకో పదినిమిషాల్లో ఆ డబ్బాలోంచి ఆమె తూటాలు తయారయ్యేవి. వచ్చే వారం వాటిని నింపిన రైఫిల్‌ను తన చెంపకు ఆనించి కాల్చేది ఆమె.

నేను కుర్చీలో కూర్చున్నాను. స్వరూప రెండో డబ్బాకు మూత బిగించింది. డబ్బా మీద ఎర్ర టేపు వేసి "వాడరాదు" అని రాసింది, పారవేసే పద్ధతి వాల్టర్‌ను అడుగుదామంది. తరవాత, "అంకుల్, నా బుక్కుల ఏమన్న మిస్టేక్ దొరికిందా?" అని అడిగింది. పుస్తకం నా ముందు తెరిచే ఉంది మరి.

"లేదు," అన్నాను.

ఆ రోజు డైరీలో పేజీ ఖాళీగా ఉంది. నా డైరీల్లో ఖాళీ పేజీలు చాలా తక్కువ.

సోమవారం పొద్దున్నే లిండా దగ్గరికి వెళ్ళి రిపోర్టు మార్చాలన్నాను. చించేసి కొత్తది ఇవ్వడం మా ల్యాబ్‌లో కుదరదు. ఏ నమోదులోనైనా తప్పు దిద్దాలంటే దాని మీద ఒకే గీత గీయాలి. గీత కింద పాత రాత చదవడానికి వీలుగా మిగలాలి. పక్కన సరైనది రాసి, ఇనీషియల్, తేదీ, దిద్దడానికి కారణం రాయాలి. ఈ నియమాన్ని విద్యార్థులకు ఏళ్ళ తరబడి నేర్పినవాణ్ణి నేను. "వేగం తక్కువ" అన్నదాన్ని కొట్టేశాను. "ప్రస్తుతానికి సిఫారసు చేయలేను" మీద గీత గీసి, "పూర్తిగా సిఫారసు చేస్తున్నాను" అని రాశాను. కారణం దగ్గర కలం ఆగింది. కొత్త సమాచారం అందింది అని రాస్తే సరిపోయేది, అదీ అబద్ధం కాదు. శుక్రవారం రాసినవి కూడా అబద్ధాలు కావు మరి. "మదింపు చేసినవాడి పక్షపాతం" అని రాశాను.

పక్షపాతం అంటే ఏమిటని లిండా అడిగింది. ఆ అమ్మాయి పనిలో నాకంటే మెరుగు, అది నాకు నచ్చలేదు అని చెప్పాను. లిండా కాగితం తీసుకుని కారణం మళ్ళీ చదివింది. ఇంతకుముందు నేను మదింపు చేసిన ఇద్దరు విద్యార్థుల రిపోర్టులు కూడా మళ్ళీ తెరుస్తానని, రిటైరయ్యేదాకా నాకిక మదింపు పని ఇవ్వనని చెప్పింది. కోపంగా చెప్పలేదు. అది పద్ధతి. ఆ ఇద్దరి రిపోర్టుల్లో మార్చాల్సింది ఏమీ తేలలేదు, కానీ తేలేదాకా ఆరువారాలు నాకు సరిగ్గా నిద్రలేదు.

మదింపు అందుకున్న వ్యక్తి దాన్ని చదివి సంతకం చేయాలన్నది ఇంకో నియమం. స్వరూప నా బల్ల దగ్గరే నిలబడి చదివింది. గీత కింద ఉన్నదీ చదివింది, కారణమూ చదివింది.

"స్లో అని రాసింది కరెక్టే సర్. అది కొట్టెయ్యకున్నా అయిపోతుండె," అంది. మళ్ళీ కాగితంలోకి వంగి, "ఇనీషియల్ పక్కన డేట్ వెయ్యలే మీరు," అని నా వైపు తిప్పింది.

వేశాను. అప్పుడు సంతకం చేసింది. ఆ తరవాత మా ఇంటికి టిఫినుకు మళ్ళీ వచ్చింది, సుగుణ కోసం. నా బేస్‌మెంట్‌లోకి మాత్రం దిగలేదు. నేను అడగలేదు. మే నెలలో ఉద్యోగంలో చేరింది.

నేను వెళ్ళేముందు విభాగానికి ఒక నియమం రాసిచ్చాను: మదింపు చేసేవారు, చేయించుకునేవారు ఒకే పనిలో పోటీపడుతుంటే రెండో అధికారి సంతకం ఉండాలి. అసూయను మానుకోవాలని చెప్పే అర్హత నాకు లేదు. క్లబ్‌లో ఆమె కాగితం కనబడితే ఇప్పటికీ ముందు రంధ్రాల మధ్య దూరమే చూస్తాను. నేను తెలుసుకున్నది చిన్న విషయం. రాసిన ప్రతి మాటా నిజమైనా మదింపు తప్పు కావచ్చు. తప్పు దొరకాలని కోరుకుంటున్నవాడు తనిఖీకి కూర్చోకూడదు. కూర్చోక తప్పకపోతే తన తూకాన్ని ఇంకొకరి చేత తూయించాలి.