రెండో బ్రేకు

మా బాబాయి డ్రైవింగ్ స్కూల్లో పనిచేస్తాడు. పనిచేస్తాడు అనడం కన్నా పక్క సీట్లో కూర్చుంటాడు అంటే సరిగ్గా ఉంటుంది. నేర్చుకునేవాళ్ళు స్టీరింగ్ ముందు కూర్చుంటారు, ఈయన వాళ్ళ పక్కన. ఆయన కాళ్ళ దగ్గర కూడా ఒక క్లచ్చు, ఒక బ్రేకు బిగించి ఉంటాయి. అవతలివాడు గోడ మీదికో మనిషి మీదికో పోతుంటే ఈయన తన బ్రేకు నొక్కుతాడు. అదే ఉద్యోగం. పెళ్ళికి ముందు నుంచీ అదే స్కూలు, అదే సీటు. కార్లు మారాయి గానీ సీటు మారలేదు. అక్కడ ఆయన్ని పేరు పెట్టి పిలవడం ఎప్పుడో మానేశారు. కొత్తగా చేరినవాళ్ళు బెదురుతుంటే ఓనరు, "ఏం భయం లేదు, మీకు రెండో బ్రేకుని ఇస్తున్నాం" అంటాడు. వాళ్ళు కారులో ఉన్న బ్రేకు గురించి అనుకుంటారు. ఆయన మా బాబాయి గురించి చెబుతున్నాడు.

ఆ కాలు ఇంటికొచ్చాక కూడా డ్యూటీ దిగదు. బస్సు డ్రైవరు మలుపు జోరుగా తిప్పితే సీటు కింద నేలని నొక్కుతుంది. టీవీలో ఎవడైనా కారేసుకుని దూసుకుపోతుంటే నొక్కుతుంది. ఆయన కుర్చీ ముందు పరిచిన పట్టా కుడికాలి కింద మాత్రమే చిరిగి ఉంటుంది. పిన్ని గొంతు పెరిగినప్పుడు కూడా నొక్కుతాడు. పిన్ని అది కనిపెట్టేసింది.

"నొక్కండి, నొక్కండి. నేను ఆగే బండిని కాను" అంటుంది.

ఆ ఉద్యోగంలో జీతం అంతంతమాత్రం. దెబ్బలు మాత్రం ధారాళం. ఒకసారి ఒక బట్టల షాపాయన బ్రేకనుకుని యాక్సిలరేటర్ తొక్కి కరెంటు స్తంభాన్ని గుద్దాడు. బాబాయి నొక్కాడు గానీ అప్పటికే ఆలస్యమైంది. భుజం ఎముక విరిగింది. కట్టు విప్పీ విప్పగానే మళ్ళీ వెళ్ళి అదే సీట్లో కూర్చున్నాడు. బట్టల షాపాయనకి మిగిలిన పాఠాలు కూడా ఈయనే చెప్పాడు. అప్పట్నుంచీ పిన్నికి ఆ ఉద్యోగమంటే కంటగింపు. బండి నడపడం రానివాళ్ళని వెతికి మరీ వాళ్ళ చేతికి ప్రాణం అప్పజెప్పి వస్తాడనీ, ఏదో ఒకరోజు మనిషికి బదులు ఫోను వస్తుందనీ అనేది. సాయంత్రం మెట్ల మీద చెప్పుల చప్పుడు వినపడేదాకా ఆవిడ పొయ్యి వెలిగించదు. ఈ సంగతి బాబాయికి తెలీదు.

ఇలా ఉండగా కళ్ళ డాక్టరుగారు కబురు పెట్టింది. ఆవిడ ఒకప్పుడు బాబాయి దగ్గరే కారు నేర్చుకుంది. ఈమధ్య ఒక మలుపులో కారు అదుపు తప్పి డివైడరెక్కింది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ ఆవిడ మళ్ళీ స్టీరింగ్ ముట్టుకోలేదు. తనకి డ్రైవరుగా వచ్చెయ్యమంది. జీతం మెరుగు. పొద్దున ఆసుపత్రికి, సాయంత్రం ఇంటికి. మధ్యలో కాళ్ళు చాపుకోవడమే.

పిన్నికి ప్రాణం లేచొచ్చింది. బాబాయికి ప్రాణం మీదికొచ్చింది. "చూద్దాం" అన్నాడు. మా ఇంట్లో చూద్దాం అంటే కాదని అర్థం.

అప్పుడు పిన్ని నన్ను పిలిపించింది. నేను కాలేజీ మానేసి, కొరియరు పని మానేసి, ఫోన్ల షాపు కూడా మానేసినవాణ్ణి. మానడంలో నాకు అనుభవం ఉందని ఆవిడ లెక్క.

"వీడికేమో కాలు నిలవదు, ఈయనకేమో కాలు కదలదు. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. మధ్యలో ఎక్కడో ఒక మనిషి తయారవుతాడు" అని టీ గ్లాసులు మా ముందు పెట్టి లోపలికెళ్ళింది.

నేను డొంకతిరుగుడు లేకుండా అడిగాను. ఒకే పని పట్టుకుని వేలాడేవాళ్ళు చాలామంది ఇష్టం వల్ల వేలాడరు, వదిలితే కిందపడతామని వేలాడతారు. నీది ఇష్టమా, భయమా అన్నాను. బాబాయి గ్లాసుని చాలాసేపు తిప్పాడు. చివరికి చెప్పాడు. తాను కారు నడిపి ఏళ్ళయిందట. స్కూలు కారుని ఎప్పుడూ నేర్చుకునేవాళ్ళే నడుపుతారు, షెడ్డులో పెట్టేది ఓనరు, ఈయన ఇంటికొచ్చేది బస్సులో.

"లైసెన్సు ఉందిగా బాబాయ్."

"లైసెన్సుదేముందిరా. పక్కవాడు తప్పు చేస్తే నా కాలు దానంతటదే లేస్తుంది. ఎవడూ తప్పు చెయ్యకపోతే దానికేం చెయ్యాలో తోచదు."

వంటింట్లోంచి పిన్ని గొంతు వినిపించింది. "నేను రోజుకో తప్పు చేస్తున్నానంటారుగా. ఒక్కసారైనా లేచి వంటింటి దాకా వచ్చిందా ఆ కాలు?"

బాబాయి కాలు నేలని నొక్కింది.

ఆయన వెళ్ళి స్కూలు ఓనరుకి విషయం చెప్పాడు. ఓనరు కోప్పడలేదు, బతిమాలలేదు. పోతే పొమ్మన్నాడు. సీటు మాత్రం ఖాళీగా ఉంచలేననీ, సోమవారం పొద్దున అందులో నువ్వన్నా ఉండాలి, ఇంకొకడన్నా ఉండాలనీ తేల్చేశాడు. డాక్టరుగారు శనివారం ఒక్కరోజు నడిపి చూడమంది. పిన్ని నన్ను తోడు పంపింది. ఆసుపత్రిలో తన కళ్ళజోడు బాగుచేయించుకు రమ్మని పేరుకో పని చెప్పింది. అసలు పని ఈయన దారిలోంచి తిరిగి రాకుండా చూడటం.

డాక్టరుగారు వరండాలో ఫోను మాట్లాడుతూనే తాళంచెవి అందించింది. బాబాయి కారు చుట్టూ తిరిగాడు, టైర్లు చూశాడు, అద్దం తుడిచాడు. తలుపు తీసి కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. చెయ్యెత్తి, స్కూలు కారులో తనకోసం బిగించిన చిన్న అద్దం ఉండే చోట గాల్లో ఏదో సరిచేశాడు. నేను వెనకెక్కాక గానీ గమనించలేదు. ఆయన కూర్చుంది పక్క సీట్లో.

చెబుదామని నోరు తెరిచేలోపు డాక్టరుగారు వచ్చేసింది. వెనక తలుపు మీద చెయ్యి వేసి, లోపలికి చూసింది. బాబాయి తాళంచెవి అరచేతిలో పెట్టుకుని, రోడ్డు వైపు చూస్తూ, ఓపిగ్గా ఎదురుచూస్తున్నాడు. నేర్చుకునే రోజుల్లో ఆవిడ పొద్దున్నే చూసిన వాలకం అదే అయ్యుండాలి. వెనక తలుపు వదిలేసి, చుట్టూ తిరిగి వచ్చి, స్టీరింగ్ ముందు కూర్చుంది. బాబాయి తాళంచెవి ఇచ్చాడు.

"అద్దం" అన్నాడు.

ఆవిడ అద్దం సరిచేసుకుంది.

"న్యూట్రల్లో ఉందా?"

ఆవిడ గేరు కదిపి చూసుకుంది. ఇంకో క్షణం ఆగితే నేను చెప్పేవాణ్ణే. కారు కదిలింది. కదిలే కారులో అలాంటి మాట చెప్పకూడదని నోరు మూసుకున్నాను.

గేటు దాటాం. పాల వ్యాను వెనక రెండో గేరులో కాసేపు పాకాం. ఆ పాత మలుపు వచ్చేసరికి ఆవిడ చేతులు బిగుసుకున్నాయి, కారు డివైడరు వైపు జరిగింది. బాబాయి కాలు లేచి నొక్కింది. కింద బ్రేకు లేదు, ఉత్త మ్యాటు. ఆయన కిందికి చూశాడు. ఇంకోసారి నొక్కాడు. అప్పటికి తెలిసింది ఆయనకి, తాను ఎవరి కారులో ఎక్కడ కూర్చున్నాడో. చెవుల వెనక చెమట పట్టడం నాకు కనపడింది. గొంతు మాత్రం మారలేదు.

"చేతులు వదులు చెయ్యండి. మీరు చూసే వైపే పోతుందది. రోడ్డుని చూడండి, డివైడర్ని కాదు."

ఆవిడ రోడ్డుని చూసింది. కారు తిరిగింది.

ఆసుపత్రి ముందు ఆవిడ ఇంజను ఆపింది.

"నడపాల్సింది మీరు కదండీ?" అంది డాక్టరుగారు.

"అవునమ్మా. మీరొచ్చి కూర్చున్నారు."

"మీరక్కడ కూర్చుంటే నేనెక్కడ కూర్చోను?"

ఆవిడ నవ్వింది. బాబాయి నవ్వలేదు. వెనక్కి తిరిగి, పిన్నికి చెప్పొద్దన్నట్టు నా వైపు చూశాడు.

సాయంత్రం ఆయనే నడిపాడు. ఈసారి ఏ సీటో చూసుకుని మరీ కూర్చున్నాడు. బాగానే నడిపాడు, ఇంకా చెప్పాలంటే చక్కగా నడిపాడు. ఆవిడ వెనక ఫోను చూసుకుంటోంది. దారంతా ఆయన నోట్లోంచి ఒక్క మాట రాలేదు. చెప్పడానికి ఎవరూ ఏ తప్పూ చెయ్యడం లేదు. ఆవిడ ఇంటి దగ్గర తాళంచెవి తిరిగి ఇచ్చేశాడు.

"మీకు డ్రైవరు అక్కర్లేదమ్మా. నాలుగు ఆదివారాలు వచ్చి పక్కన కూర్చుంటాను, సరిపోతుంది."

"మా కారులో పక్కన బ్రేకు లేదుగా?"

"పొద్దున కూడా లేదు" అన్నాడు బాబాయి.

పిన్ని అంతా విని, ఉద్యోగం ఇస్తానన్నావిడకి ఆ ఉద్యోగమే అక్కర్లేకుండా చేసి వచ్చారా అని మాత్రం అడిగింది. అవునన్నాడు. ఆ తర్వాత ఇంట్లో గిన్నెలు మాట్లాడాయి గానీ ఆవిడ మాట్లాడలేదు. నేను బయటికొచ్చేటప్పుడు మళ్ళీ అడిగాను, ఇష్టమా, భయమా అని.

"పొద్దున భయం. సాయంత్రం భయం లేదు. తోచలేదు, అంతే."

జీవితాంతం ఒకే సీట్లో కూర్చోవడానికి ఈ జవాబు చాలదని నా ఉద్దేశం. భుజం విరగ్గొట్టిన పనికి కోరి తిరిగి వెళ్ళడం తెలివనీ అనుకోను. కానీ తోచకపోవడం నాకు బాగా తెలిసిన జబ్బు. నేను దాంతో మూడుచోట్ల మానేశాను. ఆయన అదే జబ్బు పేరు చెప్పి ఉన్నచోటికే తిరిగి వెళ్ళాడు.

సోమవారం బాబాయి స్కూలుకి వెళ్ళాడు. ఆయన వెనకే పిన్ని కూడా వెళ్ళి డబ్బు కట్టి చేరింది. రోజూ ఎవరి చేతుల్లో ప్రాణం పెట్టి వస్తున్నాడో తనకీ తెలియాలంది. ఓనరు ఎప్పట్లాగే, భయపడకండి, మీకు రెండో బ్రేకుని ఇస్తున్నాం అన్నాడట. మా ఇంట్లో అది ఉందిలెండి అందట ఈవిడ.

ఆ సాయంత్రం వెళ్ళి ఎలా ఉందని అడిగాను. పిన్ని ఉల్లిపాయలు తరుగుతోంది. బాబాయి ఇంకా రాలేదు, పొయ్యి మాత్రం అప్పటికే వెలుగుతోంది.

"ఇంట్లో ఏమే అంటాడా, అక్కడ మీరు అంటాడు. 'క్లచ్చు నెమ్మదిగా వదలండి' అంటాడు. ఎవరితో మాట్లాడుతున్నాడా అని వెనక్కి తిరిగి చూశాను."

"మరి కాలు? నొక్కాడా?"

"ఒక్కసారి" అంది. తరగడం ఆపి, గోడ వైపు చూసింది. "నొక్కకపోతే స్కూలు ఎదురు టీకొట్టు ఈపాటికి ఉండేది కాదు."

ఇంకేమీ అనలేదు. ఉద్యోగం మానెయ్యమని కూడా.