మోటరు అనుకుని కార్డు పీకిన నాడు

ఇంటర్వ్యూ చేస్తున్న సారును తెరిచిన నోరు తెరిచినట్టే ఆపేసిన మనిషి జనగామ జిల్లా మొత్తంలో నేనొక్కదాన్నే అనుకుంటాను. నవ్వేవాళ్లు నవ్వండి. నేను మాత్రం తల వంచేది లేదు.

మాకు బచ్చన్నపేట దగ్గర పత్తి చేనుంది. బోరు మోటరు గుర్రుమని మూలిగిందంటే ఎవరినీ అడగకుండా ఫ్యూజు పీకెయ్యాలి. అడిగేలోపు మోటరు కాలిపోతుంది. అలా పీకి ఎన్ని పంటలు నిలబెట్టానో ఆ మోటరుకే తెలుసు. ఆ రోజుల్లో నాకు ఆ గర్వం కాస్త ఎక్కువే.

నా బిడ్డ స్వప్నకు పట్నం కంపెనీ ఒకటి లాప్‌టాప్‌లోనే ఇంటర్వ్యూ పెట్టింది. ఎన్నో చోట్ల కాదనిపించుకున్నాక వచ్చిన పిలుపు అది. లాప్‌టాప్ పాతది. దాని పక్కనున్న చీలికలో స్వప్న నెట్ కోసం అట్టముక్కంత కార్డు దూర్చింది. పిల్ల చకచకా జవాబులు చెబుతోంది. నేను గోడవారన కూర్చుని, అటువాళ్లకు కనబడకుండా మురిసిపోతున్నాను. అంతలో లాప్‌టాప్ గుర్రుమంది. కార్డు మీద దీపం ఎర్రగా కొట్టుకుంటోంది. ఇంకేం ఆలోచిస్తాను? పిల్లిలా పాకి వెళ్లి కార్డు పీకేశాను.

తెర మీద సారు నోరు తెరిచినట్టే ఆగిపోయింది. స్వప్న ఏది నొక్కినా లాప్‌టాప్ పెళ్లిచూపులకొచ్చిన పిల్లగాడిలా ఉలకదు, పలకదు.

"ఏం జేసినవే అమ్మా?"

"కాలిపోకుంట కాపాడిన."

"గది మోటరు కాదు. కార్డు పిలిచినప్పుడల్లా లాప్‌టాప్ చేసే పని ఆడనే ఆపి, పోయి దాని మాట విని, మళ్ల వచ్చి పని అందుకుంటది. నువ్వు మాట మధ్యల పీకినవ్. జవాబు కోసం ఆడనే నిలబడిపోయింది."

"నేను పొయ్యి కాడుంటే మీ బాపు పిలుస్తడు. పోయి చూస్తే మనిషుండడు. నేను ఆడనే నిలబడ్డనా? కూర మాడకముందే మర్లొస్త. గింత తెలివిలేని దాన్ని ఎట్ల కొన్నవే?"

"తీస్తున్నమని ముందుగాల దానికి చెప్పి తియ్యాలె."

"ఫ్యూజుకు చెప్పి పీకుతమా?"

స్వప్న కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు మాత్రం నా గొంతు తగ్గింది. తల తగ్గలేదు.

పిల్ల ఫోన్లో సారును పట్టుకుని కార్డు సంగతి, లాప్‌టాప్ సంగతి, నా సంగతి వరుసగా చెప్పేసింది.

"మీ అమ్మగారికి ఒకసారి ఇవ్వండి," అన్నారు సారు. "ఎందుకు పీకారమ్మా?"

"మీ ప్రశ్నలకు అది వేడెక్కింది సారూ. నా బిడ్డ మాత్రం సల్లగనే ఉన్నది. మిగిలినయి జర ఫోన్లనే అడుగుండ్రి."

అడిగారు. ఉద్యోగం వచ్చింది. చేరిన కొన్నాళ్లకు ఇంటికొచ్చిన పిల్లను అడిగాను.

"గంత పెద్ద కంపెనీల ఏం పనే నీది?"

నా వైపు చూడకుండా చెప్పింది. "మిషన్ నడుస్తుంటెనే కార్డులు పీకాలె. ఆగిపోతదా, తట్టుకుంటదా చూసి చెప్పాలె."

అంటే నేను చేసిందే. కాకపోతే వాళ్లు జీతమిచ్చి చేయిస్తున్నారు. అందుకే ఆ పూటే దీపం ముట్టించి, చేతులు జోడించి ఒట్టు పెట్టుకున్నాను: ఇక ఈ జన్మలో ఎవరి కార్డూ ఉత్తపుణ్యానికి పీకను.