మూడు దిక్కుల టవరు

మొన్న సుక్మా వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న ఇంజనీరు, తోంగ్‌పాల్ దాటాక రోడ్డు పక్కన ఒక సెల్ టవరు చూపించి, ఇప్పుడు వీటికి గదీ మనిషీ అక్కర్లేదనీ, యంత్రాలన్నీ చిన్న పెట్టెలుగా పైనే ఉంటాయనీ, ఫోన్లు తక్కువగా మోగే వేళల్లో టవరే తనలో కొంత భాగాన్ని నిద్రపుచ్చుకుంటుందనీ చెప్పాడు. అలా నిద్రపుచ్చే పని ఒకప్పుడు నేను చేత్తో చేశాను.

సుక్మా అవతల దోర్నపాల్‌లో టవరు ఆపరేటరుగా ఉన్న రోజులవి. బీరువాలంత యంత్రాలు, వాటి కోసం ఏసీ, బ్యాటరీలు, బయట జనరేటరు. ఎండన పడి వచ్చి ఆ గది చల్లదనంలో నిలబడ్డ మా ఈడువాళ్లకు అదింకా గుర్తుండే ఉంటుంది. పైన యాంటెన్నాలు మూడు దిక్కులకు: బజారుకు, హైవేకు, వాగవతలి పల్లెలకు. ఒక వానాకాలం మూడు రోజులుగా కరెంటు లేక, దారి తెగి డీజిలు రాక, బ్యాటరీలు ఇంకో గంటకు మించి ఆగవనుకుంటున్న మధ్యాహ్నం, వాగులో నడుం దాకా తడిసిన రైతొకాయన తలుపు దగ్గర నిలబడ్డాడు. ఇంటి దగ్గర ఆయన భార్యకు పురిటి నొప్పులు, బిడ్డ ఎదురుకాళ్లతో వస్తోంది.

"అన్నా, నర్సమ్మ డాక్టరు సారుతోని ఫోన్ల మాట్లాడుకుంటనే కాన్పు చేస్తాంది. లైన్ బంద్ అయితే ఏంది మా గతి?"

ఉన్న బ్యాటరీ వాగవతలి పల్లెలకే మిగలాలని బజారు దిక్కూ హైవే దిక్కూ ఆపేశాను. ఏసీ ఆపి తలుపు బార్లా తీశాను. చెమటలు కక్కుతూ ఇద్దరం కూర్చున్నాం. పొద్దు వాలబోతుండగా ఆయన ఫోను మోగింది. ఆడపిల్ల, తల్లి క్షేమం. ఆయన నా చెయ్యి ఒకసారి పట్టుకుని, వాగు వైపు నడిచిపోయాడు.

మర్నాడు తెలిసింది. బజారులో నాకు రోజూ టీ పోసే హోటలాయన తండ్రి, జగదల్‌పూర్ ఆస్పత్రిలో, కొడుకుతో ఒక్కమాట మాట్లాడాలని అడిగి అడిగి అదే మధ్యాహ్నం కన్నుమూశాడట. నేనే వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన గ్లాసులు కడుగుతూ, "ఆళ్లు అడిగిన్రు, నువ్వు ఉంచినవ్. మేం అడగకపోతిమి," అన్నాడు. అంతే. నేను ఆ ఊరు వదిలేదాకా టీ పోశాడు గాని, నాతో మళ్లీ మాట్లాడలేదు.

ఇప్పుడు ఏ దిక్కు ఎంతసేపు ఆపాలో యంత్రమే లెక్కగట్టుకుంటుంది, బహుశా నాకంటే బాగానే. దానికి నిద్రపట్టని రోజులుండవు, మాట్లాడటం మానేసే హోటలాయన ఉండడు. అయినా, వాగు దాటి వచ్చినవాడు ఇవాళ ఏ తలుపు దగ్గర నిలబడతాడో నాకు తెలియదు.