పిల్లల మంచం కింద వైట్ వైన్

కొవ్వొత్తిని మంచం కిందికి దించగానే ఆరిపోయింది. గాలి వీచి కాదు. బయట వాన పడుతోందని కిటికీ మూసి ఉంది. కరెంటు పోయి ఏసీ కూడా ఆగిపోయింది. మళ్ళీ వెలిగించి, మంచం చుట్టూ కట్టిన దుప్పటి అంచు ఎత్తి, నేలకు జానెడు ఎత్తులో పెట్టాను. మంట ఒక్కసారి పొడుగ్గా సాగి, వత్తిని వదిలేసి ఆరిపోయింది. అగ్గిపుల్ల గీసి పెట్టాను. అదీ అంతే. బాబు ఏనుగు బొమ్మ అందుకుందామని ఇంకాస్త వంగితే ముక్కు లోపల చురుక్కుమంది, సోడా తాగుతూ నవ్వితే ముక్కులోకి పొంగుతుందే, అలాగ.

కాలేజీలో గాజు జాడీలోకి మండుతున్న పుల్ల దించడం గుర్తొచ్చింది. ఆరితే జాడీ నిండా ఏ గ్యాసు ఉందో రాయమనేవారు. కార్బన్ డయాక్సైడ్ అని రాసి మార్కులు తెచ్చుకున్నాను కూడా. ఇప్పుడు ఆ జాడీ మా పిల్లల మంచం కింద ఉంది. కాసేపటి క్రితమే మా నాలుగేళ్ళ బాబు అందులోంచి పాక్కుంటూ వచ్చి, "తల నొప్పమ్మా" అని నా ఒళ్ళో పడ్డాడు. జ్వరమేమోనని నుదురు పట్టుకుని చూశాను. బొమ్మ అక్కడే వదిలేశానంటే తీద్దామని వెళ్ళాను.

"బయటికి రండి! ఇద్దరూ! ఇప్పుడే!" అని అరిచాను.

బాబు పరిగెత్తాడు. ఏడేళ్ళ పాప మంచం మీదే కూర్చుని, కాళ్ళు ఊపుతూ నవ్వింది. "సైరన్ మోగింది! ఫేఫే, అమ్మ సైరన్ మోగింది!"

ఫేఫే అంటే ఇక్కడి మాటలో నాన్న. సైరన్ అన్న మాట దానికి ఆయన నేర్పిందే. ఇంట్లో నా పేరు అది. ఫ్యాను ఊగితే నేను మోగుతాను, లిఫ్టు కుదిపితే మోగుతాను, వంటింట్లో గ్యాసు పైపు ముట్టుకుంటే మోగుతాను. వాటిలో చాలా సార్లు ఏమీ జరగలేదు, ఆ మాట నిజమే. పాపను జబ్బ పట్టుకుని ఈడ్చుకొచ్చాను. ఏడ్చింది. ఏడవనిచ్చాను.

ఆ మంచం కింద ఉన్నది మా ఆయన వైన్. ఆయన స్నేహితుడొకడు బ్యాంకాక్ నుంచి పెట్టె తెచ్చిచ్చాడు. పెట్టెలో చిక్కటి ద్రాక్షరసం సంచి, ఈస్టు పొట్లం, ఇంకా ఏవేవో పొట్లాలు, మూతకి గొట్టం ఉన్న పెద్ద ప్లాస్టిక్ బకెట్టు. రసం పోసి, నీళ్ళు కలిపి, ఈస్టు చల్లి మూత బిగించాలి. ఆ తర్వాత అది పులుస్తూ, గొట్టంలోని నీళ్ళలోంచి గ్యాసు గుళుక్కు గుళుక్కుమని వదులుతుంది. రెడ్ వైన్ ఎవడైనా చేస్తాడట. వైట్ వైన్ తాగేవాళ్ళు వేరట. బోటాటౌంగ్ పేట‌లో ఇనప సామాన్ల కొట్టు నడిపే మనిషికి ఈ తేడాలు ఎక్కడ పట్టుబడ్డాయో నాకు తెలీదు. అయితే వైట్ వైన్ చల్లగా, చీకట్లో పులవాలి. సంచౌంగ్ పేట‌లో మా ఫ్లాటు మొత్తానికీ ఏసీ ఉన్నది పిల్లల గదిలో ఒక్కటే. ఆ గదిలో చీకటి ఉన్నది మా ఆయన తాతగారి కాలం నాటి ఎత్తు టేకు మంచం కింద. వెలుతురు పడకుండా ఆయనే చుట్టూ దుప్పట్లు బిగించి కట్టాడు. అది పిల్లలకు గుహ అయింది. లోపల త్రేన్చే బకెట్టుకి తాతయ్య అని పేరు పెట్టారు. బాబు మధ్యాహ్నాలు చల్లగా ఉంటుందని తాతయ్య పక్కనే బోర్లా పడుకునేవాడు. ఎన్నిసార్లు పడుకున్నాడో లెక్కపెట్టుకోవడానికి నాకు ధైర్యం చాలదు.

మా అత్తగారికి ఆయన చెప్పింది ద్రాక్షరసం అని. అరుగుదలకు మంచిదని. ఆవిడ నమ్మిందో, నమ్మినట్టు ఉండటమే సుఖమనుకుందో.

కేకలకు ఆవిడ హాల్లోంచి వచ్చింది. "ఏటైంది? గేసు బండ కట్టకుండా ఒగ్గీసినావేటి?"

"వంటగ్యాసు కాదత్తయ్యా. ఆ బకెట్టులోంచి వచ్చే గ్యాసు. బరువుగా ఉంటుంది, నేల మీదే నిలుస్తుంది. అందులో పడుకుంటే ఊపిరాడదు."

"పళ్ళరసం ఊపిరి తీసేస్తాదేటి? నీ బయానికి ఇయ్యాల కొత్త పేరు దొరికినాది."

ఈలోపు నేను దుప్పట్లు ఊడబెరికాను, వాన పడితే పడిందని కిటికీ తెరిచాను. ఆయన కొవ్వొత్తి పట్టుకుని తాపీగా వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని, మంచం కింద అటూ ఇటూ తిప్పాడు. నిటారుగా వెలిగింది. ఇంకా కిందికి దించాడు. ఇంకా బాగా వెలిగింది.

"పాపా, రా, చూడు. మీ అమ్మ ఆర్పేసిన దీపం" అన్నాడు.

పాప ఏడుపు ఆపి నవ్వింది. అత్తగారు కూడా నవ్వింది. గాలి ఆడిందని, అందుకే గ్యాసు చెదిరిపోయిందని చెప్పబోయాను. మూడు మాటలు కూడా అననివ్వలేదు. ఆయన దుప్పట్లు మళ్ళీ కట్టాడు, ముందుకంటే బిగించి. కిటికీ మూశాడు.

"కరెంటొచ్చాక ఇక్కడే పడుకోబెట్టు. హాల్లో దోమలు."

"ఈ గదిలో పడుకోబెట్టను. దాన్ని బాల్కనీలో పెట్టండి."

"ఈ వేడికి అక్కడ పాడైపోతుంది. నీకోసం వైను పారబొయ్యాలా?"

"నాకోసం అనలేదు."

"అన్నీ నీకోసమే కదా. నీ భయాలు మోయడానికే కదా మేమున్నది."

పిల్లల్ని హాల్లో చాప మీద కూర్చోబెట్టి, గది తలుపు దగ్గరకు లాగి, ఆ తలుపుకి వీపు ఆనించి అక్కడే అన్నం పెట్టాను. ఎవరైనా లోపలికెళ్ళాలంటే నన్ను దాటుకుని వెళ్ళాలి. కరెంటు రాలేదు. గది వేడెక్కుతున్న కొద్దీ తలుపు వెనక గుళుకుగుళుకు జోరందుకుంది. ఈస్టుకి వేడంటే ఇష్టం. కంచాలు తీసేదాకా దాన్ని వింటూ కూర్చున్నాను. నాకు అంతకాలం ఆ ఇంట్లో ఎవరి మీదా లేనంత ద్వేషం ఆ చప్పుడు మీద పుట్టింది. చప్పుడు మీదే అని ఇప్పుడు రాస్తున్నాను గానీ, అప్పుడు అంత విడదీసి చూసుకోలేదు.

భోజనాలయ్యాక సాంబారు గరిటె కాడకు కొవ్వొత్తి ముక్క దారంతో కట్టాను. "ఒక్కసారి రండి. ఈసారి కూడా వెలిగితే పిల్లల్ని ఇక్కడే పడుకోబెడతాను, ఇంకెప్పుడూ నోరెత్తను" అన్నాను. ఆ ఆశకే ఇద్దరూ లేచి వచ్చారు.

దుప్పటి ఒక మూల మాత్రం కొద్దిగా తప్పించి, గరిటె లోపలికి పోనిచ్చాను. మంట పొడుగైంది. ఆరిపోయింది.

ఆయన నా చేతిలోంచి గరిటె లాక్కుని తనే వెలిగించాడు. ఆరిపోయింది. మళ్ళీ వెలిగించాడు. ఆరిపోయింది.

"కొవ్వొత్తి మంచిది కాదు" అన్నాడు.

అత్తగారు మోకాళ్ళు పట్టుకుని, వంగి, ఆ చీకట్లోకి కాసేపు చూసింది. ఒక చెయ్యి లోపలికి చాపి ఏనుగు బొమ్మను కాలు పట్టుకుని లాగింది. మంచం మీది రెండు దిళ్ళూ చంకన పెట్టుకుంది. గుమ్మం దగ్గర నా వైపు తిరిగింది. నా తప్పు లేదంటుందేమోనని, సిగ్గు లేకుండా, ఒక్క క్షణం ఎదురుచూశాను.

"సదువుకున్నదానివి గదా. ఇంత తెలిసినదానివి ఇన్నాళ్ళూ ఏటి సేస్తన్నావు? గుంటడు దాని పక్కనే తొంగున్నప్పుడు ఆ సదువు యాడ పెట్టుకున్నావు?"

వెళ్ళి దిళ్ళు హాల్లో చాప మీద పడేసింది.

ఆయన బకెట్టుని కాళ్ళు తుడుచుకునే పట్టా మీదికెక్కించి వెనక బాల్కనీ దాకా ఈడ్చాడు. దారిలో గొట్టంలో నీళ్ళు ఒలికాయి. "పాడైతే నీ మీదే" అన్నాడు. నా మీదే కానివ్వండి అన్నాను. ఇప్పటిదాకా మా మధ్య దాని గురించి జరిగిన మాటలు అంతే. ఈ రాసే వేళకి కూడా అది అక్కడే ఉంది, అప్పుడప్పుడూ గుళుక్కుమంటూ, ఇంట్లో ఎవరూ మూత తీసి చూడకుండా.

ఆ రాత్రి నలుగురం హాల్లో పడుకున్నాం. ఆయన ఒక్కడే ఆ గదిలో, కిటికీ తెరుచుకుని, పిల్లల మంచం మీద పడుకున్నాడు. నన్ను నిద్రపోనివ్వనిది ఆయన కొవ్వొత్తి మాట కాదు, అత్తగారి మాట కాదు. నేను బయటికి రమ్మని అరిస్తే, మంచం మీద కూర్చుని కాళ్ళు ఊపిన పిల్ల. తమ్ముడి తల నొప్పి వదిలి వాడు మామూలుగా ఊపిరి తీస్తుంటే, నేను పాప ఊపిరి వింటూ పడుకున్నాను.

పొద్దున్న మొహింగా, అదే చేపల పులుసులో నూడుల్స్, తింటూ పాప అడిగింది. "తాతయ్యని ఎందుకు బయట పెట్టారు? నానమ్మ నీకు భయమని చెప్పింది."

"నిజమే. నాకు భయమే" అన్నాను.

"మరి ఫేఫేకి లేదుగా?"

చెంచా పక్కన పెట్టించి, ఇద్దర్నీ నా ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. అత్తగారు వింటోందని తెలుసు. విననీ అనుకున్నాను.

"నన్ను సైరన్ అనండి, ఏమైనా అనండి. నేను బయటికి రమ్మంటే మాత్రం ముందు బయటికి రండి. బయటికొచ్చాక ఎంతసేపైనా నవ్వుకోండి, నేను అక్కడే నిలబడి ఉంటాను."