మాట్లాడని వాళ్ల వంతు

మా మహిళా సంఘానికి చాలా ఏళ్లు నేనే అధ్యక్షురాలిని. మీటింగు మా ఇంటి అరుగు మీదే. విషయమంతా నేనే చెప్పి, చివర్లో "అందరికీ సమ్మతమేనా?" అని అడిగేదాన్ని. ఎవరూ కిక్కురుమనేవారు కాదు. మౌనం అర్ధాంగీకారం అంటారు కదా, మా వాళ్ల మౌనాన్ని నేను పూర్తి అంగీకారం కిందే జమ వేసుకునేదాన్ని. పనులు చకచకా అయిపోయేవి. నా అంత బాగా సంఘం నడిపే మనిషి చుట్టుపక్కల ఊళ్లలో లేదని నాకో నమ్మకం.

రాష్ట్రం రెండయిన మరుసటి ఏడాది, సముద్రం ఒడ్డు వీధి నుంచి ఒక కొత్త కోడలు సంఘంలో చేరింది. చామనచాయ, నవ్వు మొహం. అప్పటికి కోటబొమ్మాళి బజారుకి సరుకు తీసుకెళ్లడానికి సంఘం తరఫున ఒక ఆటో మాట్లాడి ఉన్నాం. ఇంటి పనులు తెమిలాక బయల్దేరేలా టైము నేనే పెట్టాను. కూరగాయల బుట్టలతో రైతుల ఇళ్ల ఆడవాళ్లం ఎక్కేవాళ్లం. చేపల బుట్టల వాళ్లు మాత్రం ఎప్పట్లాగే రోడ్డు దాకా నడిచి బస్సు పట్టుకునేవారు. వాళ్లకి అదే అలవాటు, అదే ఇష్టం అనుకున్నాను.

ఒక మీటింగులో ఆ పిల్ల లేచింది. "అప్పా, పెద్దోలు ముందు మాటాడేస్తే సిన్నోలు నోరిప్పరు. ఈపాలి సిన్నోల కాడి నుంచి అడుగుదామా?"

అప్పా అంటే మా వైపు అక్క. ఆ పిలుపులో మర్యాదకి లోటేమీ లేదు. అయినా నాకు ఒంటికి కారం రాసినట్టయింది.

ఆటో సంగతి వరసగా అందరినీ అడిగింది. ఎన్నడూ పెదవి విప్పని చేపల బుట్టామె ఒకతి, "పడవలు తెల్లారగట్లే ఒడ్డుకొస్తాయి. మీ ఆటో కదిలేసరికి ఎండెక్కిపోతాది. అప్పుడు మా సేపలు ఎవులు కొంతారు?" అంది. మా వీధి ఆమె ఇంకొకతి తల దించుకుని, "కూరల పక్కన సేపలెడితే నాకు పడదు. సెప్తే బాగోదని ఊరుకున్నాను" అంది. ఆ పిల్ల ఇద్దరి మాటా విని, తెల్లవారుతూనే చేపలకి ఒక ట్రిప్పు, తర్వాత కూరలకి ఇంకో ట్రిప్పు అని తేల్చేసింది.

ఇందులో ఏం బ్రహ్మవిద్య ఉంది? నాకు తెలిస్తే నేనూ చెప్పేదాన్ని. కానీ అందరూ ఆ పిల్లని చూసి మురిసిపోతున్నారు. నా సొంత ఆడపడుచు నా చెవి దగ్గరకొచ్చి, "ఈ గుంటకి బుర్ర ఉన్నాది వదినా" అంది. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

అప్పట్నుంచి దాన్ని చూసి కళ్లలో నిప్పులు పోసుకున్నాను. అది కట్టిన చీర చూసినా మంటే, అది రాగానే జరిగి చోటిచ్చే వాళ్లని చూసినా మంటే. పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ, బ్యాంకు మేనేజరు ముందు కూర్చోబెడితే తెలిసొస్తుంది అనుకునేదాన్ని. ఒకసారి పంపాను కూడా. మేనేజరు చేతే టీ తెప్పించుకుని తాగి వచ్చింది.

అధ్యక్షురాలిని మళ్లీ ఎన్నుకునే రోజు వచ్చింది. ఆ కుర్చీ పోతే ఊళ్లో నేనెవరు? వరస చిన్నవాళ్ల నుంచి మొదలైంది. అడిగిన ప్రతి మనిషీ దాని పేరే చెప్పింది, నా ఆడపడుచుతో సహా. చివరికి నా వంతు. నోరు విప్పితే ఏడుపొస్తుందని భయం. నేల చూస్తూ కూర్చున్నాను. నా పద్ధతి ప్రకారమైతే అక్కడితో అయిపోయినట్టే. చప్పట్లు కొట్టబోయారు కూడా.

అది చెయ్యెత్తి ఆపింది. "అప్ప ఇంకా మాటాడనేదు. అప్ప సెప్పకుండా అయిపోనాదని ఎలాగ అంతాం? రేపు మల్లీ కూకుందాం."

అందరూ లేచి చాపలు చుట్టారు. ఇన్నేళ్లలో నా మీటింగు ఎవరి నోటి కోసమూ ఆగలేదు. మర్నాడు దాని పేరు నేనే చెప్పాను. ముందు రోజే ఓడించి ఉంటే దాన్ని హాయిగా తిట్టుకుంటూ బతికేదాన్ని. ఆ సుఖం కూడా నాకు మిగల్చలేదు.